కాపలావాళ్ళకు పెట్టిన అన్నం

ఒక డేటా సెంటర్‌ను నేను ఒంటిచేత్తో ఆపాను. నమ్మకం లేకపోతే మా భవానీపురంలో పొద్దున్నే నడకకు వచ్చి, నడవకుండా బెంచీ మీద కూర్చునే పెద్దమనుషులను అడగండి. వాళ్ళు ఈ కథ చాలాసార్లు విన్నారు. మొదట్లో అందులో రెండు జేసీబీలు, ఒక కలెక్టరు, ఒక పోలీసు వ్యాను ఉండేవి. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను కాబట్టి ఒక్కొక్కటే తీసేస్తున్నాను. జేసీబీలు లేవు. కలెక్టరు రాలేదు. పోలీసు వ్యాను వచ్చిన మాట నిజమే కానీ, అది వేరే ఊరికి దారి అడిగి వెళ్ళిపోయింది. ఆపింది నేను కాదు. అసలది ఆగనూ లేదు. మిగిలిందంతా జరిగిందే.

కొత్తగా ఉద్యోగాల్లోకి వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. రెండు పక్షాల మధ్య నిలబడి ఒకరి మాట ఇంకొకరికి చెప్పే పని మీకు ఎప్పుడైనా తగిలితే, సగం మాట చెప్పి సగం మింగితే ఏమవుతుందో మీకు తెలియాలి.

నేను కాలువల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేరాను. బంధువుల దగ్గర ఇంజనీరునని చెప్పుకునేవాణ్ణి. షట్టర్లు ఎత్తి దించేవాళ్ళను లష్కర్లంటారు. వాళ్ళు ఎత్తారో లేదో చూసి రావడం నా పని. సర్వీసంతా గట్ల మీద సైకిలు, తర్వాత మోపెడ్, తర్వాత మోకాళ్ళ నొప్పి. వర్క్ ఇన్‌స్పెక్టరుగానే రిటైరయ్యాను.

మా డెల్టాలో వేసవి సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట. రెండో పంట దాళ్వా కోతలయ్యాక పైనుంచి నీళ్ళు ఆపి కాలువలు కట్టేస్తారు. కట్టేముందు కొన్నాళ్ళపాటు నీళ్ళు వదులుతారు. అవి పొలాలకు కాదు, ఊళ్ళల్లో మంచినీళ్ళ చెరువులు నింపుకోవడానికి. అప్పుడు నింపుకున్న చెరువే మళ్ళీ కాలువ వచ్చేదాకా ఆ ఊరికి ఆధారం. సముద్రం వైపు పోయేకొద్దీ బోరు వేస్తే ఉప్పునీళ్ళే పడతాయి. అందుకని కాలువ చిట్టచివర ఉన్న శివారు ఊళ్ళకు ఆ నాలుగు రోజులూ పెళ్ళిరోజుల్లాంటివి. ఎవరూ ఊరు వదిలిపోరు.

నేను చెప్పేది అలాంటి ఒక శివారు ఊరి సంగతి. మగ్గాలవాళ్ళు, రైతులు సగం సగం. దానికి ఎగువన ఇంకో ఊరు. రెండు ఊళ్ళకూ నీళ్ళు ఒకటే పిల్లకాలువ నుంచి. ఎగువ ఊరివాళ్ళు తమ చెరువు నింపుకున్నాక తూము మూసెయ్యాలి, అప్పుడు శివారు ఊరికి నీళ్ళు దిగుతాయి. మూస్తారనే నమ్మకం ఎవరికి ఉంటుంది? అందుకని శివారు ఊరి నుంచి ముగ్గురు మనుషులు వచ్చి ఎగువ ఊరి తూము దగ్గర కాపలా కూర్చుంటారు. తమను దొంగలని అనుమానించి కూర్చున్న ఆ ముగ్గురికీ ఎగువ ఊరివాళ్ళే అన్నం పెడతారు.

ఇది నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో చూసి మంచితనం అనుకున్నాను. మంచితనం కాదు. ఆ అన్నం ఒక మాట. పెట్టారంటే, ఈ పూట మీ నీళ్ళు ముట్టుకోం అని అర్థం. తిన్న కాపలావాళ్ళు హాయిగా చెట్టుకింద నడుం వాల్చవచ్చు. అన్నం రాలేదంటే ఇవాళ ఏదో జరగబోతోందని అర్థం. ముగ్గురిలో ఒకడు ఊళ్ళోకి పరిగెత్తి ఇంకో పదిమందిని తీసుకొచ్చేవాడు. తిన్నవాడు పెట్టినవాడికి కట్టుబడి ఉండటం లోకమంతా ఉన్నదే. ఇక్కడ పెట్టినవాడు కట్టుబడతాడు.

నేను రిటైరైన కొన్నేళ్ళకు ఎగువ ఊరి మాగాణిలో పెద్ద ముక్క ఒక కంపెనీ కొన్నది. అమ్మిన రైతులు చాలామంది విజయవాడలో హోల్‌సేల్ కొట్లు పెట్టుకున్నారు. కొందరు అపార్ట్‌మెంట్లు కట్టారు. పొలంలో కిటికీల్లేని తెల్లటి భవనాలు లేచాయి. వాటి వెనక పెద్ద పెద్ద ఫ్యాన్లు. బియ్యం మిల్లు ఆడుతున్నట్టు ఒకటే హోరు, కాకపోతే మిల్లు ఎప్పుడో ఒకప్పుడు ఆగుతుంది. లోపల చలి, బయట వేడి. ఉద్యోగాలొస్తాయని ఊళ్ళో ఆశపడ్డారు. గడ్డి కోసేవాళ్ళకూ, తోటకు నీళ్ళు పట్టేవాళ్ళకూ వచ్చాయి. గేటు దగ్గర సెక్యూరిటీవాళ్ళు బీహారు నుంచి వచ్చారు.

లోపల యంత్రాలు వేడెక్కుతాయి, వాటిని చల్లబరచడానికి నీళ్ళను ఆవిరి చేస్తారు. పొలానికి పెట్టిన నీళ్ళు కొన్నయినా మురుగుకాలువలోకి దిగి కింది ఊరికి పనికొస్తాయి. ఈ నీళ్ళు మాత్రం పైకే పోతాయి. అందుకని కంపెనీ తన ఆవరణలో ఒక చెరువు తవ్వుకుంది. దాన్ని పిల్లకాలువ నుంచి నింపుకోవచ్చు, కానీ శివారు ఊరి చెరువు నిండాకే తోడుకోవాలి అని అనుమతిలో షరతు.

ఆ కంపెనీలో నాకు ఉద్యోగం దొరికింది. నా అనుభవం చూసి కబురుపెట్టారని బెంచీ మీద చెప్తాను. మా తోడల్లుడి కొడుకు అక్కడ కరెంటు కాంట్రాక్టరు. కార్డు మీద 'స్థానిక వ్యవహారాల సలహాదారు' అని అచ్చువేయించారు. ఆ కార్డు నేను కూరగాయల దుకాణంలో కూడా ఇచ్చాను.

అక్కడి మేనేజరు ముప్పయ్యేళ్ళు దాటిన అబ్బాయి. విజయవాడ కోచింగ్ కాలేజీ హాస్టల్లో నీళ్ళసాంబారు తిని ర్యాంకు తెచ్చుకున్నవాడు. మంచివాడు. వినేవాడు. నేను అబద్ధం చెప్తే అబద్ధమని తెలిసి కూడా చివరిదాకా వినేవాడు. కాలువలు కట్టేముందు నీళ్ళు వదిలిన మొదటిరోజు నన్ను పిలిపించాడు.

"అంకుల్, పొద్దుట్నుంచి ముగ్గురు మన గోడ పక్కన తూము దగ్గర కూర్చున్నారు. ఏమన్నా ధర్నానా?"

"ధర్నా కాదు బాబూ. కాపలా."

"ఎవరికి?"

"మనకే. మనం వాళ్ళ నీళ్ళు తోడకుండా."

"మనల్ని కాపలా కాస్తా మన దగ్గరే కూర్చుంటారా?"

"మరి దొంగింటి ముందు కాకపోతే ఇంకెక్కడ కూర్చుంటారు?"

అతను నవ్వాడు. "సరే, మనమేం చెయ్యాలి?"

"మధ్యాహ్నం అన్నం పంపాలి. భూమి కొన్నారుగా. వాళ్ళ లెక్కలో ఇప్పుడు ఎగువ ఊరు మనమే. ఆనవాయితీ."

"అంతేనా? పంపండి."

అంతే కాదు. ఆ అన్నానికి అర్థం ఏమిటో అప్పుడు నేను చెప్పలేదు. మర్చిపోయానని తర్వాత అందరికీ చెప్పాను. మర్చిపోలేదు. చెబితే కంపెనీవాళ్ళు లాయరును అడుగుతారు, లాయరు వద్దంటాడు, అన్నం ఆగిపోతుంది, గొడవ మొదలవుతుంది అని నా లెక్క. ఎలాగూ షరతు ఉంది, ఎవరూ తోడరు, ఇక మాట చెప్పడమెందుకు అనుకున్నాను. తెలివైన లెక్కే. ఇప్పటికీ అందులో తప్పు ఎక్కడుందో చెప్పమంటే నాకు వెంటనే తట్టదు.

క్యాంటీన్ వంటాయనది కొండపల్లి. కొయ్యబొమ్మలు చేసే ఇంట్లో పుట్టి, రంగుల వాసన పడక గరిటె పట్టానని చెప్పేవాడు. ఆఫీసువాళ్ళు కూరలో నూనె ఎక్కువైందని రోజూ పేచీ పెట్టేవాళ్ళు. తినడానికి మనుషులు దొరికారని సంబరపడి, ఆ ముగ్గురికీ గుత్తివంకాయ చేసి పంపాడు. ముగ్గురిలో పెద్దాయన మగ్గం నేసే మనిషి. గుంటమగ్గంలో కాళ్ళు వేలాడేసి కూర్చోవడం అలవాటైపోయి, గట్టు మీద కూడా పిల్లబోదె చూసుకుని అందులోకి కాళ్ళు జారేసి కూర్చునేవాడు. క్యారేజీ విప్పి చూసి నన్నడిగాడు.

"కంపెనీవాళ్ళు తెలిసే పెడతన్నారా అండీ?"

"తెలిసే" అన్నాను.

"ఎవరు చెప్పారు?"

"నేనే చెప్పా."

ఆయన నన్ను కాసేపు చూసి అన్నం కలిపాడు.

రెండో రోజు, మూడో రోజు కూడా భోజనం వెళ్ళింది. ఆ ముగ్గురూ తింటున్న ఫోటో ఒకటి హైదరాబాదు ఆఫీసుకు పోయింది. స్థానికులతో సత్సంబంధాలు అనే శీర్షిక కింద చూపిస్తే చప్పట్లు కొట్టారని మేనేజరు చెప్పాడు. బెంచీ మీద నేను దీన్ని సన్మానం అని చెప్తాను. శాలువా కూడా కప్పుతాను.

పెద్దాయన కాలువలో ఒక పుల్ల పాతాడు. నీటిమట్టం ఎక్కడుందో అక్కడ ఎర్ర నూలుపోగు కట్టాడు. నీళ్ళు తగ్గితే పోగు బయటపడుతుంది. కాపలా అంటే ఆ పోగును చూస్తూ ఉండటమే. అయితే అన్నం తిన్నాక చూడక్కర్లేదు. అదీ పద్ధతి.

ఆ మూడో రోజే, కాలువ కట్టడానికి ఇంక ఒక రోజు ఉందనగా, ఎండ విపరీతంగా కాసింది. ముగ్గురూ తిని, నిద్రగన్నేరు కింద తువాళ్ళు పరుచుకుని పడుకున్నారు. గోడకు ఇవతల, కంపెనీ చెరువులో మట్టం తగ్గింది. తగ్గితే మోటారు దానంతటదే ఆన్ అయ్యేలా హైదరాబాదులో ఎవరో ఎప్పుడో అమర్చి పెట్టారు. ఆ సంగతి మా మేనేజరుకు కూడా తెలియదు. నీళ్ళలో మునిగి ఉండే మోటారు, చప్పుడు లేదు. కట్ట కింద నుంచి గొట్టం. ఫ్యాన్ల హోరులో దేవుడొచ్చి పిలిచినా వినపడదు.

పెద్దాయన లేచేసరికి పోగు గాలికి ఊగుతోంది.

నాకు మొదట ఫోను చేసింది శివారు ఊరి సర్పంచి. నలభై దాటిన మనిషి, ఇంట్లో రెండు మగ్గాలు, బయట చీరల బేరం. నన్ను బాబాయ్ గారూ అంటుంది. మర్యాదగా అంటుందా ఎత్తిపొడుస్తుందా అనేది గొంతును బట్టి తెలుసుకోవాలి.

"బాబాయ్ గారూ, చెరువులోకి ధార ఆగిపోయింది. మీ కంపెనీ అన్నం బానే అరిగిందంటగా మావాళ్ళకి."

నేను మేనేజరును తీసుకుని తూము దగ్గరికి వెళ్ళేసరికి ఆవిడ కూడా స్కూటీ మీద వచ్చేసింది. అప్పటికి అబ్బాయి మోటారు ఆపించాడు.

పెద్దాయన నిదానంగానే అడిగాడు. "మోటారు ఎవరేశారండీ?"

"ఎవరూ వెయ్యలేదండీ. దానంతటదే ఆన్ అయింది" అన్నాడు మేనేజరు. అది అక్షరాలా నిజం.

"దానంతటదే పడిందా?"

"అవునండీ. మట్టం తగ్గితే అట్లా సెట్ చేసి పెట్టారు."

పెద్దాయన పుల్లను పీకి, దాని మీద పోగు విప్పి జేబులో వేసుకున్నాడు.

"మోటారు దానంతటదే పడితే పడింది. మరి అన్నం ఎవరు పెట్టారు?"

మేనేజరుకు ప్రశ్న అర్థం కాలేదు. నావైపు చూశాడు. నేను కాలువ వైపు చూశాను. సర్పంచి మా ఇద్దరినీ చూసి స్కూటీ తిప్పుకుంది. చెరువు సగమే నిండింది. మర్నాడు సాయంత్రానికి పైన లాకుల దగ్గర తలుపులు దించి కాలువ కట్టేస్తారు. మిగిలిన ఆ ఒక్క రోజు ధారతో చెరువు నిండదని అక్కడ ఉన్న అందరికీ తెలుసు.

మర్నాడు మధ్యాహ్నం ఒక ట్రాక్టరు కంపెనీ గేటు ముందుకు వచ్చింది. ట్రక్కులో మనుషులు, గంగాళాలు, విస్తరాకుల కట్టలు. గేటు బయట వేపచెట్టు కింద పట్టాలు పరిచి విస్తళ్ళు వేశారు. మామిడికాయ పప్పు, దొండకాయ వేపుడు, మజ్జిగపులుసు, గడ్డ పెరుగు. సర్పంచే వచ్చి మేనేజరును పిలిచింది.

"మూడు రోజులు మావాళ్ళకి పెట్టారు. ఇయ్యాల మా వంతు. మీవాళ్ళందర్నీ పిలవండి సార్."

అబ్బాయి ఎంత సంతోషించాడో. షిఫ్టు ఇంజనీర్లనూ, సెక్యూరిటీవాళ్ళనూ పిలిచి, తను మొదటి ఆకు ముందు కూర్చున్నాడు. "చూశారా అంకుల్, నిన్న అంత జరిగినా భోజనం తెచ్చారు" అన్నాడు.

నేను కూర్చోలేదు. దీన్ని మా వైపు కూడు తిరగబెట్టడం అంటారు. నా సర్వీసులో వినడమే గానీ చూడలేదు. పెట్టిన మాట తప్పితే, తిన్న అన్నం వండి తెచ్చి తిరిగి వడ్డిస్తారు. అవతలివాళ్ళు అది తింటే లెక్క చెల్లు. పోయిన నీళ్ళు అడగరు. ఆపైన ఇద్దరి మధ్యా మాట అనేది ఉండదు. కాపలా ఉండదు, అన్నం ఉండదు, గడ్డపారలే ఉంటాయి. పూర్వం ఎక్కడో అలా జరిగితే రెండు ఊళ్ళూ చాలాకాలం పిల్లనిచ్చి పుచ్చుకోవడం మానేశాయని మా లష్కర్లు చెప్పేవాళ్ళు.

వడ్డన అయింది. అబ్బాయి చెయ్యి కడుక్కున్నాడు. నేను పక్కన వంగి చెవిలో చెప్పాను.

"బాబూ, చెయ్యి పెట్టొద్దు."

"ఏం, ఏమన్నా కలిపారా?"

"అన్నం శుభ్రంగానే ఉంది. తింటే మాట పోద్ది." గబగబా సంగతంతా చెప్పాను. ముందు రోజులు మన అన్నానికి వాళ్ళు చెప్పుకున్న అర్థం, ఇవాళ్టి అన్నానికి అర్థం, అంతా.

అతను ఆకు మీదినుంచి చూపు తిప్పకుండా విన్నాడు. "అంటే ఇది తింటే నిన్నటి నీళ్ళు తిరిగివ్వక్కర్లేదు."

"అక్కర్లేదు."

"కంపెనీకి అదే మంచిది కదా?"

"ఈ పూటకి మంచిదే." జీతం కంపెనీది కాబట్టి ఉన్నమాట చెప్పాలి.

"మొదటిరోజే నాకెందుకు చెప్పలేదు అంకుల్?"

"చెబితే పెట్టనివ్వరని."

"చెబితే ఆ మోటారు సంగతి కనుక్కునేవాణ్ణి కదా."

ఇది నాకు నిజంగా తట్టలేదు. నా లెక్కలో తప్పు ఎక్కడుందని ఇందాక అడిగాను కదా, బహుశా ఇక్కడే.

అతను లేవలేదు, తినలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వరసలో ఇంజనీర్లు అతన్ని చూసి ఆగిపోయారు. సెక్యూరిటీవాళ్ళిద్దరు మాత్రం అప్పటికే సగం తినేశారు. వాళ్ళ సంగతేంటని నేను కంగారుగా చూస్తే, పెద్దాయన చెయ్యి ఊపాడు. "ఆళ్ళని తిననీండి. ఆళ్ళది గంగ. మన కాలవ లెక్కలోకి రారు."

సర్పంచి పప్పు గిన్నెతో వచ్చి మేనేజరు ఎదుట నిలబడింది.

"ఏం సార్, మా పప్పు నచ్చలేదా?"

"మంచి వాసన వస్తంది అండీ. తింటే ఏమవుద్దో ఇప్పుడే తెలిసింది."

ఆవిడ నావైపు చూసింది. "బాబాయ్ గారికి ఇప్పుడు తీరికయిందన్నమాట."

"నిన్న మా మోటారు తోడిన నీళ్ళు వెనక్కిస్తాం" అన్నాడు అబ్బాయి.

"ఎట్టా ఇస్తారు? చెంబుతోనా?"

"మా చెరువు కాలవ కంటే ఎత్తులో ఉంది. ఖాళీ చెయ్యడానికి కింద ఒక గొట్టం ఉంది. వాల్వు తిప్పితే అదే కాలవలోకి దిగుద్ది."

"తిప్పితే మీ పని ఆగిపోదా?"

"తెలియదండీ. అడగాలి."

ఆకు ముందు కూర్చునే హైదరాబాదుకు ఫోను చేశాడు. ఇంగ్లీషులో చాలాసేపు నడిచింది. వేసవికి దాచుకున్న నీళ్ళు వదిలెయ్యడం ఏమిటని అవతల అడుగుతున్నట్టు ఇవతలి జవాబుల వల్ల తెలుస్తోంది. షరతు మనమే తప్పాం అని మూడు రకాలుగా చెప్పాడు. కనుక్కుని ఫోను చేస్తామన్నారట. అతను ఫోను జేబులో పెట్టుకుని, సాయంత్రం లాకులు ఎప్పుడు కడతారు అంకుల్ అని నన్నడిగాడు. దీపాలు పెట్టే వేళకు, ఆ తర్వాత వదిలితే ఎండిన కాలువ మట్టే తాగేస్తుంది అన్నాను. తమ చెరువు నుంచి నీళ్ళు శివారుకు చేరడానికి పట్టే సమయం లెక్క చూసుకున్నాడు. హైదరాబాదు ఫోను కోసం ఆగితే ఆ లెక్క కుదరదు. లేచాడు.

వాల్వు నేనే తిప్పానని బెంచీ మీద చెప్తాను. అది కట్టిన తర్వాత ఎవరూ ముట్టుకోక బిగుసుకుపోయింది. ఇనపకడ్డీ అడ్డం వేసి ఒక పక్క మేనేజరు, ఒక పక్క మగ్గం పెద్దాయన నెట్టారు. నేను పక్కన నిలబడి ఎడమకి, ఎడమకి అని గట్టిగా చెప్పాను. తిప్పాల్సింది కుడికి. అది తెలిశాక వెంటనే తిరిగింది.

నీళ్ళు కాలువలోకి దూకాయి. ఆకుల ముందున్నవాళ్ళంతా గట్టెక్కి చూశారు. పెద్దాయన జేబులోంచి ఆ ఎర్రపోగు తీసి, పుల్లకు కొత్త మట్టం దగ్గర కట్టాడు. తినని విస్తళ్ళు ఎత్తి గంగాళంలో వేసుకుని గేదెలకని తీసుకెళ్ళారు. ఆకలేస్తోందని ఇంజనీర్లు గొణిగారు. వంటాయన ఎప్పుడు వండాడో ఏమో, అందరికీ పులిహోర తెచ్చి పెట్టాడు. దానికి ఏ అర్థమూ లేదని నేను హామీ ఇచ్చాక తిన్నారు.

ఆ సాయంత్రం మీ ఫోనులో ఏదో బొమ్మ కాసేపు గిర్రున తిరిగి ఆగి ఉంటుంది, అది మావల్లే అని ఎంతోమంది కుర్రాళ్ళకు చెప్పాను. ఆగలేదట. తర్వాత మేనేజరు చెప్పాడు. నీళ్ళు తగ్గుతున్నాయని తెలియగానే ఇక్కడి పనిలో కొంత భాగాన్ని ఇంకో రాష్ట్రంలో ఉన్న సెంటరుకు మళ్ళించారట, రెప్పపాటులో. ఎవరికీ తెలియలేదు. నాకు బాగా గుర్తుండిపోయింది ఇదే. ఆ పని ఏ ఊరికైనా క్షణంలో పోగలదు. చెరువు మాత్రం అక్కడే నిండాలి.

పై మెట్టు దాకా నిండిందని బెంచీ మీద చెప్పాను. నిండలేదు. దారిలో ఎండకు, కాలువ మట్టికి కొంత పోయింది. లాకులు కట్టేశాక ధార సన్నబడి సన్నబడి ఆగింది. పై మెట్లు పొడిగానే ఉన్నాయి. సర్పంచి వాటిని చూసి, "ఇంతేలే, సర్దుకుంటాం" అన్నది. ఆవిడ సర్దుకుంటాం అంటే ఎవరూ లెక్క అడగరు.

హైదరాబాదు నుంచి మనుషులు వచ్చి మాట్లాడి వెళ్ళారు. మోటారు ఇకమీద దానంతటదే ఆన్ అవకుండా చేశారు. ఇప్పుడు దాన్ని హైదరాబాదులోనే ఎవరో నొక్కాలట. నొక్కేవాళ్ళకు మా కాలువ తెలియదు. మేనేజరును చెన్నై మార్చారు. ప్రమోషనే అని అతను చెప్పాడు, నేనూ అదే నమ్మాను. నా విషయానికొస్తే, తీసేశారు అనడం బాగుండదు. చేతిలో కార్డులు అయిపోయాయి, మళ్ళీ అచ్చు వేయించలేదు.

చెన్నై వెళ్ళేముందు అబ్బాయి ఒకసారి శివారు ఊరు చూసి వస్తానన్నాడు. ఎండలు ఇంకా తగ్గలేదు, కాలువలు ఇంకా వదల్లేదు. అతని కారులోనే వెళ్ళాం. సర్పంచి ఇంట్లో మగ్గాల చప్పుడు మధ్యలో ఇద్దరికీ విస్తళ్ళు వేసింది. పెద్దాయన కూడా కబురందుకుని వచ్చి గడప పక్కన కూర్చున్నాడు. వడ్డన అయ్యాక అబ్బాయి చెయ్యి ఆకు మీద ఆపి అడిగాడు.

"ఇది తినొచ్చా అండీ?"

పెద్దాయన నవ్వాడు. సర్పంచి నెయ్యి వేస్తూ, "తినండి సార్. కాలవ కట్టేశారుగా, ఇప్పుడు పెట్టేది ఒట్టి అన్నమే" అన్నది.

అతను తిన్నాడు. హాస్టలు రోజుల ఆకలంతా తీర్చుకుంటున్నట్టు తిన్నాడు. గోంగూరలో పండుమిరపకాయ కొరికి, కళ్ళలో నీళ్ళు తిరిగి, చేత్తో సైగ చేశాడు. ఆవిడ గ్లాసు తీసుకుని మగ్గం అవతల మూలకు వెళ్ళింది. అక్కడ పీట మీద ప్లాస్టిక్ క్యాను ఉంది. దాని పక్కన ఖాళీవి ఇంకొన్ని పడుకోబెట్టి ఉన్నాయి. ఆవిడ క్యాను వంచి గ్లాసు నింపి తెచ్చింది.

అబ్బాయి గ్లాసు అందుకుని, క్యాను వైపు, ఆ ఖాళీ క్యాన్ల వైపు చూసి అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

"తాగండి సార్" అన్నది ఆవిడ. "మంచియ్యే. కొన్నయ్యి."